పాత క్రూజింగ్ కాటమరాన్‌ను కొనడం, దూరప్రయాణానికి సిద్ధం చేసుకోవడం

పాత కాటమరాన్‌ను చూడడానికి వెళ్లినప్పుడు లోపలికి అడుగుపెట్టకముందే కాస్త దూరంగా నిలబడి, అది నీటిమీద ఎలా తేలుతోందో తీరిగ్గా చూడాలి. అడుగున పూసే నాచునిరోధక రంగు పై అంచు నీటికి ఎంత ఎత్తున ఉంది, పక్కపక్కన ఉండే రెండు పడవదేహాలూ, అంటే హల్‌లూ, సమానంగా మునిగాయా, వెనుక మెట్లలో కింది మెట్టు నీళ్లలో నానుతోందా, ఆ రంగు అంచును ఎవరైనా ఎప్పుడైనా పైకి జరిపి మళ్లీ గీసిన జాడ ఉందా అన్న సంగతులు ఆ కొద్ది నిమిషాల్లోనే తెలిసిపోతాయి. అంచు పైకి జరిగిందంటే ఇంతకుముందు ఆ పడవను నడిపినవారు ఒక్కొక్కరూ ఏదో ఒక సామాను చేర్చుకుంటూ పోయారనీ, ఎవరూ ఏదీ దింపలేదనీ అర్థం. పాత కాటమరాన్‌ను ఎంచుకునేటప్పుడూ, కొన్న తర్వాత మెరుగుపరిచేటప్పుడూ నేను అన్నిటికంటే ముందు అడిగే ప్రశ్న బరువు గురించే, ఎందుకంటే మిగిలిన లోపాలు చాలావరకు డబ్బుతో, ఓపికతో సరిదిద్దుకోదగినవి, కాని బరువెక్కిన కాటమరాన్‌కు దాని గుణమే పోతుంది.

ఒకే హల్ ఉన్న పడవకు అడుగున సీసంతోనో ఇనుముతోనో చేసిన బరువైన కీల్ ఉంటుంది కాబట్టి మరో టన్ను చేరినా దాని నడక పెద్దగా మారదు. కాటమరాన్ నిలకడ మాత్రం రెండు హల్‌ల మధ్య ఉన్న ఎడం వల్ల వస్తుంది, దాని వేగం ఆ హల్‌లు సన్నగా, తేలిగ్గా ఉండడం వల్ల వస్తుంది. సుమారు 38 అడుగుల పడవలో రెండు హల్‌లనూ నీటిమట్టం దగ్గర అడ్డంగా కోసినట్టు ఊహిస్తే, ఆ రెండు కోతల వైశాల్యం కలిపి 18 చదరపు మీటర్లు వస్తుందనుకుందాం. ఘనమీటరు సముద్రపు నీరు సుమారు 1,025 కిలోలు తూగుతుంది కాబట్టి ఆ పడవ ఒక్క సెంటీమీటరు మునగడానికి 185 కిలోలు చాలు, ఒక టన్ను ఎక్కిస్తే ఐదున్నర సెంటీమీటర్లు మునుగుతుంది. అంకె చిన్నదిగానే కనిపిస్తుంది, కాని రెండు హల్‌లను కలిపే బ్రిడ్జ్‌డెక్ అడుగుకూ నీటికీ మధ్య ఉన్న ఖాళీలోంచి సరిగ్గా అంతే తగ్గిపోతుంది. ఆ ఖాళీ తగ్గినకొద్దీ ఎదురుగాలిలో ప్రయాణించేటప్పుడు అలలు కింది నుంచి సుత్తితో మోదినట్టు మోదుతాయి, ఏళ్ల తరబడి ఆ దెబ్బలు తిన్న పడవలో అతుకులు వదులవుతాయి. పైగా బరువెక్కిన పడవ గాలికి ఒరగకుండా మరింత బలంగా ఎదురు నిలుస్తుంది కాబట్టి, ఆ ఒత్తిడి తెరచాపలను మోసే స్తంభమైన మాస్ట్ మీదా, దాన్ని పట్టి నిలిపే ఉక్కు తీగల మీదా పడుతుంది. అందుకే చూడబోయిన ప్రతి పడవలోనూ చిన్న పడవ ఎక్కి కిందికి వెళ్లి, బ్రిడ్జ్‌డెక్ అడుగు నీటికి ఎంత ఎత్తున ఉందో ముందు, మధ్య, వెనుక మూడు చోట్ల కొలిచి రాసుకోవాలి. తయారీదారు ఇచ్చిన బరువు వివరాల్లో ఖాళీ పడవ బరువెంత, అది మోయగల బరువెంత అన్న రెండు అంకెలనూ పక్కన పెట్టుకుంటే, ఎదురుగా ఉన్న పడవ ఇప్పటికే ఎంత మోస్తోందో అంచనా వేయవచ్చు.

ఏ రకం పడవ

పాత కాటమరాన్‌లన్నీ ఒకే కోవకు చెందినవి కావు. బ్రిటన్‌లోని కాన్వీ ద్వీపంలో తయారైన ప్రౌట్ స్నోగూస్ లాంటి పాతతరం పడవలు సన్నగా, దిట్టంగా ఉంటాయి. వాటి మాస్ట్ బాగా వెనక్కి ఉండడం వల్ల ప్రధాన తెరచాప చిన్నది, ముందు తెరచాప పెద్దది, కాబట్టి ఇద్దరు మనుషులు సులువుగా నడుపుకోగలరు, కాని బ్రిడ్జ్‌డెక్ నీటికి దగ్గరగా ఉంటుంది. అమెరికాలో తయారైన జెమిని 105 వెడల్పు 14 అడుగులే కావడంతో మామూలు పడవలు నిలిపే చోటనే అదీ ఇముడుతుంది, అయితే అది మోయగల బరువు కూడా ఆ మేరకు తక్కువే. నేటి పాతపడవల మార్కెట్‌లో ఎక్కువ భాగం ఫ్రాన్స్‌కు చెందిన లగూన్, 1976లో అదే దేశంలో మొదలైన ఫౌంటెన్ పాజో, 1991లో కేప్ టౌన్‌లో మొదలై లెపర్డ్ పడవలను కడుతున్న రాబర్ట్‌సన్ అండ్ కేన్ సంస్థలది. కటానా, ఔట్‌రీమర్ లాంటివి పడవ పక్కకు కొట్టుకుపోకుండా ఆపే, పైకి కిందికి జరిపే పలకలైన డాగర్‌బోర్డులతో, తేలికైన నిర్మాణంతో వేగంగా సాగుతాయి, కాని సామాను ఎక్కువైతే అందరికంటే ముందు అవే నష్టపోతాయి. జేమ్స్ వారమ్ రూపొందించిన ప్లైవుడ్ పడవలది వేరే దారి. హల్‌లను కలిపే దూలాలను తాళ్లతో బిగించి కట్టే ఆ పద్ధతిని చూస్తే, కట్టిన దుంగలు అన్న అర్థమున్న తమిళపు మాట కట్టుమరం నుంచి కాటమరాన్ అనే పేరు పుట్టిన సంగతి గుర్తుకు వస్తుంది. చెక్కపని తెలిసినవారికి, తక్కువ సౌకర్యాలతో సంతోషంగా ఉండగలవారికి అవి మంచి ఎంపిక.

లగూన్, లెపర్డ్, ఫౌంటెన్ పాజో పడవల్లో చాలావరకు కొన్నేళ్లపాటు అద్దెకు తిరిగినవే. అద్దెకోసం కట్టిన పడవలో సాధారణంగా నాలుగు గదులు, నాలుగు టాయిలెట్లు ఉంటాయి. సొంతానికి కట్టించుకున్న దానిలో ఒక హల్ మొత్తం యజమాని గదిగా ఉంటుంది. ప్రతి టాయిలెట్‌కూ నీరు రావడానికి ఒకటి, పోవడానికి ఒకటి చొప్పున హల్‌లో రంధ్రాలు ఉంటాయి కాబట్టి, నాలుగు టాయిలెట్లంటే కాపాడుకోవలసిన రంధ్రాలు, గొట్టాలు, పంపులు అంతకంతా పెరుగుతాయి. అయినా అద్దె పడవ అనగానే వెనక్కి తగ్గనవసరం లేదు. ఇంజిన్ గంటలు ఎక్కువగా ఉన్నా, క్రమం తప్పకుండా నూనె మార్చి నడిపిన పడవ, ఐదేళ్లు కదలకుండా ఒకే చోట కట్టి ఉంచిన సొంత పడవ కంటే చాలాసార్లు ఆరోగ్యంగా ఉంటుందని నా నమ్మకం.

ధర మాట్లాడకముందే వెడల్పు గురించి ఆలోచించాలి. లగూన్ 380 పొడవు 11.55 మీటర్లు కాగా వెడల్పు 6.53 మీటర్లు. అంత వెడల్పున్న పడవను నిలపడానికి మీరు ఉండబోయే తీరంలో చోటు దొరుకుతుందా, అక్కడి యార్డులోని లిఫ్ట్ దాన్ని ఎత్తగలదా, ఎత్తలేకపోతే ఆటుపోట్ల మధ్య ఇసుకమీద నిలబెట్టి పని చేసుకునే వీలుందా అన్నది ముందే విచారించుకోవాలి. రెండు ఇంజిన్లు, రెండు చుక్కానులు, రెండు హల్‌ల అడుగుభాగాలు ఉన్నప్పుడు ప్రతి ఖర్చూ రెండేసిసార్లు వస్తుంది. కొనుగోలు ధరలో కనీసం నాలుగో వంతు మొదటి సంవత్సరం మరమ్మతులకు పక్కన పెట్టలేని పరిస్థితి ఉంటే, ఒక మెట్టు దిగి చిన్న పడవను చూడమనే చెబుతాను.

కొనకముందు చూడవలసినవి

కాటమరాన్ డెక్‌ను ఎక్కువగా శాండ్‌విచ్ పద్ధతిలో కడతారు. పైన ఒక పలుచని ఫైబర్‌గ్లాస్ పొర, కింద మరొకటి, మధ్యలో తేలికైన బాల్సా చెక్కో ఫోమో ఉంటాయి. పొరలు రెండూ మధ్యపదార్థానికి గట్టిగా అంటుకుని ఉన్నంతకాలం ఆ నిర్మాణం తన బరువుకు మించిన బలాన్ని చూపుతుంది. స్క్రూ వేసిన రంధ్రం గుండానో, సీలెంట్ ఎండిపోయిన హ్యాచ్ (డెక్ మీది మూత) అంచు గుండానో నీరు లోపలికి దిగితే బాల్సా మెల్లగా కుళ్లుతుంది, ఫోమ్ కుళ్లదు గాని పొరనుంచి విడిపోవచ్చు. రెయిలింగ్ కాళ్లు, తాళ్లు కట్టే క్లీట్లు, లంగరు గొలుసును లాగే విండ్‌లాస్, మాస్ట్ అడుగు, హ్యాచ్‌ల మూలలు, తాళ్లు చుట్టి లాగే వించ్‌ల చుట్టుపక్కల ప్లాస్టిక్ సుత్తితో వరసగా తట్టుకుంటూ పోవాలి. గట్టి చోట స్ఫుటమైన టకటక శబ్దం వస్తుంది, విడిపోయిన చోట పిండి మూట మీద కొట్టినట్టు మందంగా వినిపిస్తుంది. చెప్పులు విడిచి డెక్ అంతా నడిస్తే కాలికింద కొద్దిగా కుంగే చోటు కూడా తెలుస్తుంది. తేమను కొలిచే మీటరు ఉపయోగపడుతుంది గాని, రంగులోని లోహం, డెక్ వెనుక ఉన్న నీళ్ల ట్యాంకు, ఉదయపు మంచు లాంటివి దాని అంకెను తప్పుదారి పట్టిస్తాయి కాబట్టి సుత్తి, మీటరు రెండూ ఒకే మాట చెప్పినప్పుడే నమ్మాలి. అరచేయంత తడి చోటు కనిపిస్తే భయపడనక్కరలేదు, దాన్ని తెరిచి, ఎండబెట్టి, కొత్త ఫోమ్‌తో, ఎపాక్సీతో నింపవచ్చు. డెక్‌లో ఐదో వంతు అలా ఉంటే మాత్రం ఆ పడవ ఎంత చవకగా వచ్చినా ఖరీదైనదే.

ఇంతకంటే ముఖ్యమైనది బల్క్‌హెడ్‌ల, అంటే పడవ లోపల అడ్డంగా నిలిపి దాన్ని బిగించి ఉంచే గోడల, పరిస్థితి. చాలా కాటమరాన్‌లలో మాస్ట్ కీల్ మీద కాకుండా బ్రిడ్జ్‌డెక్ మధ్యలో నిలబడుతుంది. మాస్ట్ కిందికి నొక్కే బరువునూ, రెండు హల్‌లూ వేర్వేరు అలల మీద వేర్వేరుగా కదలాలని చూసినప్పుడు పుట్టే మెలినీ ఆ మాస్ట్ సమీపంలోని ప్రధాన బల్క్‌హెడ్ మోస్తుంది. అది హల్‌కు అతికే అంచుల వెంబడి ఫైబర్‌గ్లాస్ పట్టీలు వేసి ఉంటాయి. ప్రతి అల్మారా తెరిచి, మంచం కింది పలకలు లేపి, టార్చి వెలుతురును ఏటవాలుగా వేస్తూ ఆ పట్టీల అంచులు లేచాయా, తెల్లటి గీత పడిందా, బల్క్‌హెడ్ ప్లైవుడ్ కింది అంచు నల్లబడిందా అని అంగుళం అంగుళం చూడాలి. నేరుగా కనిపించని లోపాన్ని తలుపులు చెబుతాయి. సరిగ్గా మూసుకోని తలుపు, అంచును ఎవరో రంపం పట్టి తగ్గించిన తలుపు, కిటికీ మూలల నుంచి మొదలైన సన్నని పగులు, నిశ్చలమైన నీటిలో కూడా కిర్రుమనే నేల లాంటివి కనిపిస్తే పడవ ఆకారం కొద్దికొద్దిగా మారుతోందని అనుమానించాలి. ప్రధాన బల్క్‌హెడ్ దెబ్బతింటే మరమ్మతు సాధ్యమే, కాని మాస్ట్ దింపి, లోపలి ఫర్నిచర్‌లో సగం ఊడదీసి చేయవలసిన పని అది. అటువంటి పడవకు అనుభవమున్న యార్డు రాతపూర్వకంగా ఖర్చు అంచనా ఇచ్చేవరకు ఒక్క రూపాయి కూడా బయానా ఇవ్వకూడదు.

రెండు హల్‌ల ముందుకొసలను కలిపే అల్యూమినియం దూలం మీదనే సాధారణంగా ముందు తీగ పట్టు ఉంటుంది. ఆ తీగ దూలాన్ని మధ్యలో పైకి లాగుతుంటుంది కాబట్టి, దాన్ని వంగకుండా పట్టి ఉంచే త్రికోణపు బిగింపునూ, దూలం రెండు కొసలు హల్‌లలోకి దిగే చోట్లనూ జాగ్రత్తగా పరిశీలించాలి. స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు అల్యూమినియాన్ని తాకే ప్రతి చోటా ఉప్పునీరు చేరితే అల్యూమినియం తినివేయబడి తెల్లని పొడి రాలుతుంది. పైన రంగు ఉబ్బినట్టు కనిపిస్తే దాని కింద గుంతలు ఉంటాయి.

ఉక్కు తీగలు బయటికి మెరుస్తున్నా లోపల అలసిపోయి ఉండవచ్చు. వాటిని పదీ పన్నెండేళ్లకు ఒకసారి మార్చడం లోకంలో ఉన్న వాడుక, చాలా బీమా సంస్థలు ఆ రుజువు అడుగుతాయి. మార్చిన రసీదు లేకపోతే మార్చలేదనే లెక్క వేసుకుని ధర మాట్లాడాలి. చుక్కానుల విషయంలో ఒక చిన్న గుర్తు ఉంది. పడవను నీళ్లలోంచి ఎత్తిన మరునాడు కూడా చుక్కాని కింది అంచునుంచి గోధుమరంగు నీరు కారుతుంటే, లోపలి ఇరుసుకు అతికిన ఉక్కు పట్టీలు తుప్పు పడుతున్నాయని అనుమానించాలి. పొట్టి కీల్‌లను కొందరు తయారీదారులు విడిగా చేసి అతికిస్తారు, నేలను తాకినప్పుడు కీల్ విరిగినా హల్‌కు రంధ్రం పడకుండా ఉండాలన్నదే ఉద్దేశం. అతుకు చుట్టూ పగులు ఉందా, లోపల నీరు నిండిందా అని చూస్తే చాలు.

ఇంజిన్‌ను చూడడానికి వెళ్లే రోజున దాన్ని ముందుగా వేడి చేసి ఉంచవద్దని అమ్మేవారికి చెప్పాలి. చల్లని డీజిల్ ఇంజిన్ మొదలయ్యే తీరు, మొదటి నిమిషంలో వచ్చే పొగ రంగు చాలా విషయాలు చెబుతాయి. నల్లపొగ ఇంధనం పూర్తిగా మండడం లేదని, నీలిపొగ లోపల నూనె మండుతోందని, ఆగని తెల్లపొగ మండని ఇంధనమో నీటి ఆవిరో బయటికి వస్తోందని సూచిస్తాయి. తర్వాత సముద్రంలో పూర్తి వేగంతో నడిపినప్పుడు నిమిషానికి ఇన్ని చుట్లు తిరగాలని తయారీదారు చెప్పిన సంఖ్యను రెండు ఇంజిన్లూ అందుకోవాలి. కాటమరాన్‌లలో ఎక్కువగా ఉండే సెయిల్‌డ్రైవ్, అంటే ఇంజిన్ శక్తిని ప్రొపెల్లర్‌కు అందించే గేరు భాగం, హల్ అడుగున పెద్ద రంధ్రం గుండా కిందికి దిగుతుంది, ఆ రంధ్రాన్ని మూసి ఉంచేది ఒక రబ్బరు డయాఫ్రమ్. వోల్వో పెంటా దాన్ని 7 ఏళ్లకు ఒకసారి మార్చమంటుంది, మిగతా తయారీదారులకు వేర్వేరు గడువులు ఉన్నాయి. సెయిల్‌డ్రైవ్ నూనె పాల రంగులోకి మారితే కింది సీలు గుండా సముద్రపు నీరు లోపలికి వచ్చినట్టే. దాని కాలు అల్యూమినియం కాబట్టి ఎవరైనా దానికి రాగి కలిసిన నాచునిరోధక రంగు పూశారేమో కూడా చూడాలి, ఎందుకంటే ఉప్పునీటిలో రాగి పక్కనున్న అల్యూమినియాన్ని తినేస్తుంది.

ఇవన్నీ మీరు స్వయంగా చూసిన తర్వాత కూడా, అమ్మేవారితోగాని బ్రోకర్‌తోగాని సంబంధం లేని, పడవ స్థితిని పరీక్షించే సర్వేయర్‌ను, అదీ కాటమరాన్‌లు చూసిన అనుభవం ఉన్నవారిని, మీ ఖర్చుతో మీరే పెట్టుకోవాలి. మాస్ట్‌నూ తీగలనూ రిగ్గర్, ఇంజిన్లను మెకానిక్ విడిగా చూస్తే మంచిది. సర్వే ఫలితం నచ్చకపోతే బయానా వెనక్కి వచ్చేలా ఒప్పందంలో రాయించుకోవాలి. యాజమాన్యం, రుణబకాయి, పన్ను చెల్లింపు రుజువు, పాత రిజిస్ట్రేషన్ రద్దు పత్రాలు సక్రమంగా లేని పడవను, అది ఎంత బాగున్నా, కొనకపోవడమే క్షేమం.

కొన్న తర్వాత ముందు దింపండి

పడవ చేతికి వచ్చిన మొదటి వారంలో కొత్త వస్తువు ఏదీ కొనకుండా, ఉన్నవన్నీ ఒడ్డుకు దింపాలి. ప్రతి అల్మారా ఖాళీ చేసి, ఒక్కొక్క వస్తువును తూచి, పుస్తకంలో రాసి, నిజంగా అవసరమైనవే తిరిగి ఎక్కించాలి. పనిచేయని పాత జనరేటర్, ఎవరూ విప్పని తెరచాపలు, డిస్‌కనెక్ట్ చేసి వదిలేసిన పాత వైర్లు, గొట్టాలు, మూడు తరాల విడిభాగాలు కలిపితే కొన్ని వందల కిలోలు బయటికి రావడం మామూలే. పడవకు ఒక్క పైసా ఖర్చు లేకుండా చేయగల గొప్ప మెరుగుదల ఇదే, దీన్ని చేసేవారు మాత్రం చాలా తక్కువ.

తర్వాత నీరు లోపలికి రాకుండా చూసుకునే పని. నీటిమట్టం కింద ఉన్న ప్రతి వాల్వునూ తిప్పి చూడాలి. ఇత్తడి వాల్వులలోని జింకును ఉప్పునీరు హరించడంతో మిగిలిన రాగి గులాబీ రంగులోకి మారి బిస్కెట్టులా పెళుసుబారుతుంది. అలాంటివాటిని కంచువో, సముద్రానికి తగిన కాంపోజిట్‌వో పెట్టి మార్చాలి. అనవసరమైన టాయిలెట్‌ను తీసివేసినప్పుడు దాని రంధ్రాలను కూడా ఫైబర్‌గ్లాస్‌తో శాశ్వతంగా మూసివేయడం మంచిది. డెక్ మీది బిగింపులను ఒక్కొక్కటిగా ఊడదీసి, రంధ్రాన్ని పెద్దది చేసి, చుట్టూ మధ్యపదార్థాన్ని కొంత తొలిచి, చిక్కని ఎపాక్సీతో నింపి, అది గట్టిపడ్డాక దానిలోంచే కొత్త రంధ్రం వేయాలి. అప్పుడు సీలెంట్ ఎప్పుడైనా విఫలమైనా నీరు బాల్సాను తాకలేదు. విసుగు పుట్టించే పని ఇది, కాని డెక్ ఆయుష్షు దీని మీదే ఆధారపడి ఉంది.

కాటమరాన్ ఒరగదు కాబట్టి గాలి ఎక్కువైందని శరీరానికి తెలియదు. గాలి ఒత్తిడి వేగపు వర్గంతో పెరుగుతుంది; గాలి 15 నాట్‌ల నుంచి 21 నాట్‌లకు పెరిగితే తెరచాప మీద ఒత్తిడి దాదాపు రెట్టింపు అవుతుంది. అందువల్ల తీగలు మార్చిన వెంటనే చేయవలసిన పని నమ్మకమైన గాలి మీటరు పెట్టించడం, తెరచాపను కుదించే తాళ్లు నడిపేవారు కూర్చునే కాక్‌పిట్ నుంచి తేలిగ్గా లాగగలిగేలా కప్పీలు మార్చడం. ఎన్ని నాట్‌లకు ఎంత కుదించాలో ఒక పట్టిక రాసి చుక్కాని చక్రం దగ్గర అంటించుకోవాలి.

ఇంజిన్ల విషయంలో కొత్తవి కొనాలన్న తొందర వద్దు. నీటి పంపు ఇంపెల్లర్, కార్బన్‌తో ఉప్పుతో పూడుకుపోయే ఎగ్జాస్ట్ ఎల్బో, హీట్ ఎక్స్‌ఛేంజర్, ఇంధన ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి ఇవన్నీ శుభ్రమైతే పాత ఇంజిన్ చాలాకాలం సేవ చేస్తుంది. స్థిరమైన రెక్కల ప్రొపెల్లర్లు ఉంటే, తెరచాపతో వెళ్లేటప్పుడు ముడుచుకునే రకం పెట్టించుకోవడం నాకు సమంజసంగా తోస్తుంది, ఎందుకంటే కాటమరాన్‌కు నీటిలో ఈడ్చుకుపోయే ప్రొపెల్లర్లు రెండు.

బ్యాటరీలు, సౌరఫలకాలు, మంచినీరు

విద్యుత్తు పనిలోనే పాత పడవ నిజంగా తేలికపడుతుంది, అజాగ్రత్తగా చేస్తే అక్కడే నిప్పు కూడా పుడుతుంది. ఫ్రిజ్, లైట్లు, పంపులు, పరికరాలు, ఫోన్లు, రాత్రంతా నడిచే ఆటోపైలట్ కలిపి రోజుకు 3 కిలోవాట్ అవర్లు కావాలనుకుందాం. సీసపు బ్యాటరీలలో సగం మాత్రమే వాడుకోవడం వాటి ఆయుష్షుకు మంచిది కాబట్టి 12 వోల్టుల దగ్గర 600 ఆంపియర్ అవర్లు పెట్టాలి, వాటి బరువు సుమారు 180 కిలోలు. అదే పని లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలతో 300 ఆంపియర్ అవర్లతో సరిపోతుంది, బరువు 40 కిలోల లోపే. దాదాపు 140 కిలోలు దిగిపోయాయంటే పడవ ముప్పావు సెంటీమీటరు పైకి లేచినట్టు.

అయితే పాత బ్యాటరీ తీసిన చోట లిథియం పెట్టి అవే వైర్లు కలపడం ప్రమాదం. లిథియం బ్యాటరీ ఎంత కరెంటు ఇస్తే అంత తీసుకుంటుంది కాబట్టి ఇంజిన్‌కు ఉన్న మామూలు ఆల్టర్నేటర్ ఆగకుండా పూర్తి సామర్థ్యంతో పనిచేసి కాలిపోతుంది. ఉష్ణోగ్రతను గమనించే బయటి రెగ్యులేటర్‌నుగాని, మధ్యలో డీసీ-డీసీ చార్జర్‌నుగాని పెట్టాలి. బ్యాటరీ రక్షణ వ్యవస్థ ఆల్టర్నేటర్ నడుస్తుండగా ఒక్కసారిగా సంబంధం తెంచేస్తే వోల్టేజి ఎగసి ఆల్టర్నేటర్ డయోడ్లు చెడిపోతాయి కాబట్టి, ఆల్టర్నేటర్‌ను ఇంజిన్ స్టార్ట్ చేసే సీసపు బ్యాటరీకే కలిపి ఉంచి, అక్కడి నుంచి చార్జర్ ద్వారా లిథియంకు పంపడం నాకు తెలిసిన తేలికైన, నిలకడైన పద్ధతి. షార్ట్ అయినప్పుడు లిథియం నుంచి వచ్చే కరెంటు మామూలు ఫ్యూజు తెంచలేనంత పెద్దదిగా ఉండవచ్చు, అందుకే బ్యాటరీకి ఆనుకుని, అంత కరెంటునూ తెంచగల క్లాస్-టి ఫ్యూజు ఉండాలి. సున్నా డిగ్రీల కన్నా చల్లగా ఉన్నప్పుడు ఈ బ్యాటరీలను చార్జి చేయకూడదు. పాత వైర్లలో తగరపు పూత లేని రాగి తీగ ఉంటే ఉప్పుగాలికి లోపల నల్లబడి ఉంటుంది. ఆ వైరును కొస నుంచి ఒక జానెడు చీల్చి చూసి, నల్లదనం కొనసాగుతుంటే మొత్తం మార్చడమే మేలు.

కాటమరాన్ వెడల్పు సౌరఫలకాలకు వరం. కాక్‌పిట్ పైకప్పు మీద 1,000 వాట్ల ఫలకాలు పట్టడం కష్టం కాదు, వాటి బరువు సుమారు 50 కిలోలు. రోజుకు నాలుగు గంటల నిండు ఎండ లెక్కన నష్టాలు పోగా 3 కిలోవాట్ అవర్లు వస్తాయి, అంటే వంద కిలోలు దాటిన జనరేటర్‌ను, దాని ఇంధనాన్ని, దాని చప్పుడును ఒడ్డునే వదిలేయవచ్చు. తెరచాప కింది అంచును పట్టే దూలమైన బూమ్ నీడ ఒక ఫలకం మీద పడినా మిగతావి పనిచేసేలా ప్రతి ఫలకానికీ విడి కంట్రోలర్ పెట్టడం మంచిది. ఫలకాలను, చిన్న పడవను వేలాడదీసే చట్రాన్ని పూర్తిగా వెనక కొసకు నెట్టకూడదు. బరువు కొసలకు చేరితే పడవ గుర్రంలా ముందుకూ వెనక్కూ ఊగుతుంది.

సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే యంత్రం కూడా బరువు లెక్కలోనే ఆలోచించదగినది. నీటిని సుమారు 55 బార్‌ల ఒత్తిడితో పొర గుండా నెట్టాలి. ఆ ఒత్తిడిలోని శక్తిని తిరిగి వాడుకునే రకం యంత్రాలు లీటరుకు సుమారు 4 వాట్ అవర్లతో పని ముగిస్తాయి. 600 లీటర్ల ట్యాంకులున్న పడవ దాని పుణ్యమా అని 250 లీటర్లతో బయలుదేరవచ్చు. యంత్రం ఆగినా తీరం చేరేవరకు సరిపోయే తాగునీరు మాత్రం విడిగా డబ్బాల్లో ఉండాలి. దాని పొరను కడగడానికి క్లోరిన్ కలిసిన కుళాయి నీరు నేరుగా వాడితే పొర పాడవుతుంది, కార్బన్ వడపోత తప్పనిసరి.

లంగరు గొలుసు 10 మిల్లీమీటర్లదైతే మీటరుకు సుమారు 2.2 కిలోలు, 8 మిల్లీమీటర్లదైతే 1.4 కిలోలు. మేలురకం ఉక్కుతో చేసిన 8 మిల్లీమీటర్ల గొలుసు మామూలు 10 మిల్లీమీటర్ల గొలుసుతో దాదాపు సమానమైన బలం ఇస్తుంది కాబట్టి 60 మీటర్లకు దాదాపు 50 కిలోలు మిగులుతాయి, విండ్‌లాస్ చక్రాన్ని మాత్రం దానికి తగినట్టు మార్చాలి. ఆ మిగిలిన బరువులో కొంత ఒక పరిమాణం పెద్ద లంగరుకు ఖర్చు చేయడం నాకు ఇష్టం. గొలుసును ఒకే చోట కట్టకుండా రెండు హల్‌ల ముందుకొసల నుంచి రెండు తాళ్లు దించి వాటికి కలిపితే పడవ గాలికి అటూ ఇటూ తిరగడం బాగా తగ్గుతుంది.

పనులన్నీ అయ్యాక దూరప్రయాణానికి కావలసిన ఆహారం, నీరు, ఇంధనం, మనుషులు, చిన్న పడవ అన్నీ ఎక్కించి, గాలి లేని ఉదయం నాలుగు మూలలా నీటినుంచి డెక్ అంచు ఎత్తు కొలవాలి. ఖాళీ పడవ కొలతలతో పోల్చి, సెంటీమీటరుకు ఎన్ని కిలోలో లెక్క కట్టి, తయారీదారు చెప్పిన పరిమితికి కనీసం రెండు మూడు వందల కిలోలు లోపల ఉండేవరకు సామాను దింపుతూనే ఉండాలి. ఆ తర్వాత తీరానికి దగ్గరలోనే మూడు నాలుగు రోజులు, ఒక రాత్రి కూడా కలిపి, ఎదురుగాలిలో నడిపి చూసి, తిరిగి వచ్చాక ప్రధాన బల్క్‌హెడ్ అంచులకు మళ్లీ టార్చి పట్టి చూడాలి.